దయచేసి లైన్‌లో ఉండండి, వదినా

అడిగిన వెంటనే కొత్త ఫోన్ లైను వచ్చే ఇల్లు బాగుపడదు. ఈ మాట నేను తేలిగ్గా అనడం లేదు. ముప్పయ్యేడు రోజులు దగ్గరుండి చూసి, బాగా ఆలోచించి, రెండుసార్లు కాఫీ తాగి అంటున్నాను.

మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. ‘డిజిటల్ లైను, ఒకే తీగ మీద మాటా డేటా రెండూ, మూడు పనిదినాల్లో మీ ఇంట్లో’ అని కరపత్రం మీద వేశారు కదా, ఈ ముప్పయ్యేడు ఎక్కడిదని అడుగుతారు. అయ్యా, అమ్మా! మూడు రోజుల్లో వచ్చేదానికి విలువేముంటుంది? మూడు రోజుల్లో జలుబు కూడా తగ్గదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుని, ఎవరో ఒకరు ఎత్తేదాకా కూర్చోవడమనే సాధన వల్ల జనం ఎంత ముందుకెళ్లారో నేను కళ్లారా చూశాను. మా వీధి చివర రిటైరైన హెడ్‌మాస్టరు గారు ఫోన్‌లో గరగర వస్తోందని చెప్పడానికి ఫోన్ చేసి, వాళ్లు ఎత్తేలోపు ఆత్మకథ నాలుగు అధ్యాయాలు రాసేశారు. ఐదో అధ్యాయంలో ఆయనకి పెళ్లి కావాల్సి ఉండగా ఎవరో ఫోన్ ఎత్తారు. పాపం, పుస్తకంలో ఆయన ఇప్పటికీ బ్రహ్మచారే.

మా సెలూన్ ఆయనైతే ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఏడుగురికి క్షవరం చేశాడు. ఎనిమిదో ఆయన గడ్డం సగంలో ఉండగా ‘చెప్పండి సర్, మీకెలా సహాయపడగలను’ అని వినపడేసరికి, కంగారులో ఆ పెద్దమనిషి మీసం కూడా పోయింది. ఇలాంటి నష్టాలన్నీ ఫోన్ ఎత్తడం వల్ల వచ్చినవే తప్ప ఎత్తకపోవడం వల్ల కాదు. గమనించాలి!

ఇంకా నమ్మకం కుదరకపోతే మా వదిన సంగతి వినండి.

మా వదినని మీరు చూసి ఉండరు గానీ ఆవిడ గొంతు వినే ఉంటారు. లిఫ్టులో ‘తలుపులు మూసుకుంటున్నాయి’ అనేది ఆవిడే. ఆసుపత్రిలో ‘టోకెన్ నంబరు నలభై ఒకటి, మూడో గదికి రండి’ అనేది ఆవిడే. ఫోన్ కంపెనీకి ఫోన్ చేస్తే, ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మా ప్రతినిధి కొద్దిసేపట్లో మీతో మాట్లాడతారు. దయచేసి లైన్‌లో ఉండండి’ అని తేనె పూసి చెప్పేదీ ఆవిడే. ఆరేళ్ల కింద ఒక మధ్యాహ్నం చదివి వచ్చేసిన మూడు వాక్యాలవి. అప్పటి నుంచి మా పిల్లలు ఆవిడని క్యూ పెద్దమ్మ అంటారు.

ఐదు నెలల కింద వదిన స్టూడియో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. స్టూడియో మూడో అంతస్తులో ఉంది. ఊళ్లో సగం లిఫ్టులకి గొంతిచ్చిన మనిషి పనిచేసే చోట లిఫ్టు లేదు. సిమెంటు కట్టు కట్టించుకుని మంచం మీద ఉన్న వదినని చూడ్డానికి స్టూడియో యజమాని పళ్లు పట్టుకుని వచ్చాడు.

“ఇంట్లో డిజిటల్ లైను పెట్టించుకోండమ్మా. మీరిక్కడ చదవండి, మేం అక్కడ రికార్డు చేసుకుంటాం. వచ్చే నెలాఖరు దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనూ వేరే గొంతు చూసుకోక తప్పదు,” అన్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. సెల్‌ఫోన్‌లో చదివించి చూశాడు కూడా. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉందన్నాడు. వదినకి అది పందొమ్మిదేళ్లుగా చేస్తున్న పని. “ఇది పోతే నేను మళ్లీ మైకు ముందు కూర్చోలేను. ఈ వయసులో నన్నెవరు పిలుస్తారు?” అని నాతో అంది. అంటున్నప్పుడు కూడా ఆ గొంతు వణకలేదు, అలవాటు అలాంటిది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

బీరువా పక్కన పరుపులు నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో స్టూలూ మైకూ పెట్టి అన్నయ్య ఆవిడకో చిన్న గది తయారుచేశాడు. ఇక రావలసింది లైనే. దరఖాస్తులో మూడు గళ్లున్నాయి. మాట, డేటా, మాటా-డేటా. వదిన మూడో గడిలో టిక్కు పెట్టింది. మొదటివారం మాట ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. రెండోవారం డేటా ఇవ్వడానికి ఇంకొకాయన వచ్చాడు. రెండూ కలిపి కదా అడిగాం అంటే, “మా దగ్గర రెండూ వేరే డిపార్ట్‌మెంట్లమ్మా” అని ఇద్దరూ విడివిడిగా, ఒకే మాట చెప్పి వెళ్లిపోయారు.

మూడోవారం ఎవరూ కనపడలేదు. మెసేజ్ మాత్రం వచ్చింది. ‘మా సిబ్బంది వచ్చిన సమయంలో ఇంట్లో ఎవరూ లేనందున మీ ఆర్డరు మూసివేయబడింది.’

కాలికి సిమెంటు కట్టుతో ఆవిడ ఎక్కడికి షికారుకెళ్లిందని మీరు అడగొచ్చు. ఇంట్లోనే ఉంది. బెల్లు విని, చంకకర్ర అందుకుని, తలుపు దాకా రావడానికి ఆవిడకి నాలుగు నిమిషాలు పట్టింది. వచ్చినాయన ఒక నిమిషం చూసి వెళ్లిపోయాడు. ఇందులో కంపెనీ తప్పేముంది చెప్పండి? నాలుగేసి నిమిషాలు ఎవరికోసమైనా ఎదురుచూడటం ఎంత కష్టం!

అప్పుడు వదిన ఫోన్ తీసింది.

మొదటిసారి తన గొంతు తనే విని ఆవిడ కాస్త మురిసిపోయింది. “ముఖ్యం అన్న దగ్గర భలే నొక్కాను కదండీ,” అంది అన్నయ్యతో. ఇరవై నిమిషాలయ్యాక “కాస్త సాగదీశానేమో” అంది. గంట దాటాక “దీని నోరు పడిపోను” అంది. ఆత్మపరిశీలన అంటే ఇదే కదా! ఏ గురువు దగ్గరికెళ్తే ఇంత త్వరగా అబ్బుతుంది?

అన్నయ్య వాచీలు బాగుచేస్తాడు. కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, పొద్దున్నించి సాయంత్రం దాకా పలుకూ ఉలుకూ లేకుండా పనిచేసుకునే మనిషి. ఫోన్ మోగితే బాత్‌రూంలోకి వెళ్లిపోతాడు. ఆయన చేసిందల్లా ప్రతి కాల్‌కీ స్టాప్‌వాచ్ నొక్కి, ఎన్ని నిమిషాలో చీటీ మీద రాసుకోవడమే.

డెబ్భై ఒకటో నిమిషంలో అవతల మనిషి గొంతు వినపడింది. వదిన తన మామూలు ధోరణిలో, “నమస్కారం. నేను కొత్త లైను కోసం దరఖాస్తు చేసుకున్నాను,” అంది. కాల్ కట్టయింది. మర్నాడు మళ్లీ చేసింది. నమస్కారం అంది. కట్టయింది. ఆ మర్నాడూ అంతే. నాలుగోసారి అన్నయ్య కూడా చెవి ఆనించి విన్నాడు. అవతలాయన ఫోన్ పెట్టేసే ముందు పక్కవాళ్లతో అంటున్న మాట స్పష్టంగా వినపడింది.

“మన రికార్డింగే మళ్లీ మనకొస్తోంది. టెక్నికల్ వాళ్లకి చెప్పండి.”

అదీ సంగతి. కంపెనీ వాళ్లు ఆరేళ్లుగా ఆ గొంతు వింటూ వింటూ, దాని వెనక ఒక మనిషి ఉంటుందన్న సంగతే మర్చిపోయారు. అన్నయ్య గుండె చిక్కబట్టుకుని, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఫోన్‌లో మాట్లాడాడు. “దరఖాస్తు ఎవరి పేరు మీద ఉంది సర్?” అన్నారు. మా ఆవిడ పేరు మీద అన్నాడు. “అయితే మేడంతో మాట్లాడించండి సర్, రూలు” అన్నారు. మేడం ఫోన్ అందుకుని నమస్కారం అంది. ఇంకేముంది.

ముక్కు మూసుకుని మాట్లాడమని సలహా ఇచ్చింది నేనే. మూసుకుంది. “మేడం, కాస్త స్పష్టంగా చెప్పండి” అన్నారు. స్పష్టంగా చెప్పమంటే వదినకి పూనకమే. ముక్కు వదిలి, ఒక్కో అక్షరం ముత్యంలా పలికింది. కట్టయింది. ఆ రోజు నేను మా ఇంటికి వచ్చేశాను, అక్కడుంటే బాగుండదని.

నెలాఖరు ఇంకా ఆరు రోజులుందనగా వదిన చివరిసారి చేద్దామని కూర్చుంది. అరగంట దాటాక ఎవరో ఎత్తారు. సరిగ్గా అప్పుడే వంటింట్లో పాలు పొంగాయి. వదిన ఫోన్ చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి, “ఏవండీ, పాలన్నీ స్టవ్ పాలవుతున్నాయి, ముక్కులు కూడా పనిచెయ్యట్లేదా మీకు? కట్టెయ్యండి ముందు!” అని గట్టిగా కేకేసింది.

ఈసారి కాల్ కట్టవ్వలేదు. అవతల నుంచి ఒక చిన్న గొంతు భయంభయంగా అడిగింది.

“మేడం... మీరు మనిషేనా?”

“కాలు విరిగింది నాయనా, మనిషినే,” అంది వదిన.

ఆ కాల్ సెంటరు అబ్బాయి మంచివాడు. వివరాలన్నీ రాసుకుని, మాటా డేటా రెండు డిపార్ట్‌మెంట్లనీ ఒకే ఆర్డరులోకి తెచ్చి, నెలాఖరు రోజున తొమ్మిదికీ ఐదుకీ మధ్య మనిషి వస్తాడన్నాడు. అన్నయ్య ఆ రోజు ప్రమాదం ఉండకూడదని పొద్దున్నే తన బల్లా భూతద్దం తీసుకెళ్లి గుమ్మం బయట వేసుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేరని ఇప్పుడెలా అంటారో చూద్దామని.

లైన్‌మన్ రెండింటికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, భుజాన కేబుల్ చుట్ట, చేతిలో డ్రిల్లు. పనిమంతుడు. కిటికీ చట్రం పక్కన రంధ్రం వేసి, గోడ వెంట క్లిప్పులు కొట్టి, దుప్పట్ల గది దాకా తీగ లాగి, తెల్ల పెట్టె బిగించేసరికి గంటన్నర పట్టింది. పెట్టె మీద మూడు దీపాలు. రెండు పచ్చగా వెలిగాయి, మూడోది ఎర్రగా కొట్టుకుంటోంది.

“ఆఫీసు వాళ్లు అక్కడ ఆన్ చెయ్యాలండీ. ఫోన్ చేసి చెప్పాలి,” అన్నాడు.

“మీకు వేరే నంబరుంటుందేమో కదా?” అన్నాడు అన్నయ్య.

“లేదు సార్. మాకూ అదే నంబరు,” అని అతను ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గోడకి చేరబడి కింద కూర్చున్నాడు. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని గది నిండా వదిన గొంతు. మంచం మీద వదిన కిక్కురుమనలేదు.

అతను మొహం తుడుచుకుంటూ అన్నాడు. “ఈవిడ మాట వింటే ఒళ్లు మండుతుందండీ నాకు. రోజుకి మూడు గంటలు వింటాను. మధ్యాహ్నం భోజనం చేసి ఎన్నాళ్లయిందో. ఇప్పుడే ఎత్తుతారంటుంది కదా, కదలకుండా కూర్చుంటాను. ఎత్తరు. మనిషి మంచిదేనేమో గానీ, ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది.”

వదినకి సిగ్గేసింది. విరిగిన కాలి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పెట్టిందని తర్వాత నాతో చెప్పింది. నోరు తెరిస్తే అతను గుర్తుపడతాడని, అన్నయ్యకి సైగ చేసి అతనికి పళ్లెంలో భోజనం పెట్టించింది. అతను తినేలోపు ఎవరూ ఎత్తలేదు. తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు కునుకు తీశాక ఎత్తారు. నాలుగూ నలభైకి మూడో దీపం పచ్చబడింది. ఐదింటికి వదిన దుప్పట్ల గదిలో కూర్చుని చదివితే, స్టూడియో యజమాని అటునుంచి “పక్కన కూర్చుని చదివినట్టుందమ్మా” అన్నాడు. పని నిలిచింది.

వారం తిరక్కుండా మొదటి పని వచ్చింది. ఎవరి నుంచి అనుకున్నారు? ఫోన్ కంపెనీ నుంచే! పాత మాటలు పాతబడ్డాయట, నలభై సెకన్ల కొత్త సందేశం కావాలట. ‘మీ ఓర్పే మా స్ఫూర్తి. మరికొద్ది క్షణాల్లో మీ సేవలో’ అంటూ కాగితం పంపారు. వదిన దాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టింది. అన్నయ్యని పిలిచి, “మీ చీటీల లెక్క ప్రకారం సగటున ఎంతసేపు?” అని అడిగింది.

“యాభై రెండు నిమిషాలు,” అన్నాడు అన్నయ్య. ఆవిడ మొహం చూసి సంగతి గ్రహించి, “పని పోతుందేమోనే,” అన్నాడు.

“పోతే పోనివ్వండి. ఆ లైన్‌మన్ ముందు నేను తలెత్తలేకపోయాను,” అని వదిన దుప్పటి దించుకుని మైకు ముందు కూర్చుంది.

ఇప్పుడు మీరు ఆ నంబరుకి చేస్తే వినపడేది ఇదీ: ‘నమస్కారం. ఇప్పుడు ఇక్కడ ఎవరూ ఖాళీగా లేరు. ఇంకో యాభై రెండు నిమిషాలు పడుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మీ పని మీరు చూసుకోండి. ఆకలేస్తే తినేయండి. మీ ఇంటికి మా మనిషి వచ్చినప్పుడు తలుపు తీయడానికి మీకు టైం పడుతుందంటే, ఆ మాట ముందే చెప్పి రాయించుకోండి. మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెడుతున్నందుకు నన్ను క్షమించండి.’

స్టూడియో యజమాని అంతా విని, ఒకసారి దగ్గి, “నిడివి సరిపోయిందమ్మా” అన్నాడు. ఆయన ఇంట్లో లైను చెడిపోయి అప్పటికి పదకొండు రోజులు. కంపెనీ వాళ్ల ఆమోద పత్రంలో స్పష్టత, నిడివి, మాధుర్యం అని మూడు గళ్లున్నాయి. మూడింట్లోనూ టిక్కులు పెట్టి, సంతకం చేసి, ముద్ర వేసి పంపారు.

మూడు నెలలైంది. ఇంతవరకూ ఆ కంపెనీలో ఏ పెద్ద సారుకీ సంగతి తెలియదు. ఈ కాలమ్ చదివితే తెలిసిపోతుందేమో, తన పని ఊడుతుందేమో అని వదిన నిన్న కంగారుపడింది. నేను ధైర్యం చెప్పాను. నేను రాసింది నిజమో కాదో తేల్చుకోవాలంటే వాళ్లు తమ నంబరుకి తామే ఫోన్ చేసి, మనలాగే లైన్‌లో కూర్చుని వినాలి. వదిన పనికొచ్చిన భయమేమీ లేదు.