మూత మీది పేరు

పోయిన ఏడాది జూన్ ఎనిమిది, మృగశిర కార్తె. ఆ రోజు సంజీవ ఇంట్లో కొర్రమట్ట చేపల పులుసు, జొన్నరొట్టె తిన్నారు. తేదీ అంత బాగా ఎందుకు గుర్తుందంటే, చెయ్యి కడుక్కుని, వేళ్ళకు ఇంకా పులుసు వాసన ఉండగానే, ఆయన తన భార్య ఇంద్రమ్మ పేరు మీద ఒక వెబ్‌సైట్ తెరిచాడు. ఇంద్రమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. మంచం పట్టిన ఆ చివరి చలికాలం ఆమె ఒక్కో వంటా చెబుతుంటే, జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన పక్కన కూర్చుని శ్రద్ధగా టైపు చేసుకున్నాడు. "ఉప్పెంత?" అని అడిగితే "సరిపోయేంత" అనేది. ఆయన అలాగే టైపు చేశాడు.

వెబ్‌సైట్ పేరు ఇంద్రమ్మ వంట డాట్ కామ్. మొదటి ఏడాదికి, వెబ్‌సైట్ పేర్లు ఇచ్చే కంపెనీ ఆ పేరును డజను అరటిపళ్ళ ధరకు ఇచ్చింది. పేరు కొనుక్కున్నానని ఆయన అనుకున్నాడు. అది అద్దెకిచ్చిందేనని, ఏటా కట్టాలని, రెండో ఏటి అద్దె మొదటి ఏటిలా ఉండదని కంపెనీ చిన్న అక్షరాల్లో చెప్పింది. చిన్న అక్షరాలు చదవాలంటే ఆయన కళ్ళద్దాలు మార్చుకోవాలి. మార్చుకోలేదు.

ఈ ఫిబ్రవరిలో సంవత్సరీకం చేశారు. భోజనానికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. ఇలాంటి డబ్బాల మూతల మీద పోయిన మనిషి పేరూ తేదీ కొట్టించడం ఇబ్రహీంపట్నంలో మామూలే. సంజీవ మాత్రం వెబ్‌సైట్ పేరు కొట్టించాడు. ఫోన్లో ఆ పేరు కొడితే చాలు, ఇంద్రమ్మ వంటలన్నీ ప్రతి ఇంట్లోనూ ఉంటాయని ఆయన ఆశ.

"సార్, ఇది స్టీలు. ఒక్కసారి కొడితే మల్ల పోదు" అన్నాడు దుకాణం మనిషి.

"పోవద్దనే గదయ్యా" అన్నాడు సంజీవ.

సెప్టెంబరులో ఒక ఉదయం ఆయన పచ్చిపులుసు చేద్దామనుకున్నాడు. కోడలు భవిత ఆదిబట్లలో ఉద్యోగానికి బయలుదేరేలోగా ఆమె డబ్బాలో పెట్టివ్వాలని ప్లాను. కొడుకు తిరుమల్ డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. చింతపండు ఎంత నానబెట్టాలో చూద్దామని సంజీవ ఫోన్లో ఇంద్రమ్మ వెబ్‌సైట్ తెరిచాడు.

పైన పేరు అదే. కింద మాత్రం పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "యాభై దాటాక తోడు కావాలా? మీకు దగ్గరలోనే ఉన్నారు. ఇక్కడ నొక్కండి." ఆ కింద చెరో టీకప్పు పట్టుకుని నవ్వుకుంటున్న ఒక పెద్దమనిషి, ఒక పెద్దావిడ. పెద్దమనిషికి కళ్ళద్దాలు, తెల్లమీసం. సంజీవకూ కళ్ళద్దాలు, తెల్లమీసం.

భవిత బస్సెక్కేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "గడువు జూన్‌లో అయిపోయింది సర్. చాలా మెయిళ్ళు పంపించాం. గడువు దాటాక కూడా కొన్నాళ్ళు ఆగాం. ఆ పేరు ఇప్పుడు వేరేవాళ్ళు తీసుకున్నారు సర్."

మెయిళ్ళు వచ్చిన మాట నిజం. ఆయన వాటిని చూడడమే కాదు, పదిమందికి చూపించాడు కూడా. మే నెలలో పెన్షనర్ల సంఘం మీటింగులో ఆన్‌లైన్ మోసాల మీద ప్రసంగిస్తూ, సరిగ్గా ఆ మెయిలునే గోడ మీద తెర కట్టి ప్రదర్శించాడు. "చూడుండ్రి, మోసగాడి భాష ఎట్లుంటదో. మీ పేరు పోతది, జల్ది పైసలు కట్టుండ్రి అంటున్నడు. పేరు ఎట్ల పోతది? పేరేమన్న జేబుల పర్సా?" అన్నాడు. హాలంతా చప్పట్లు. సంఘం అధ్యక్షుడు బాలరాజ్ లేచి వచ్చి శాలువా కప్పాడు.

ఆ శాలువా బీరువాలో ఇంద్రమ్మ చీరల పక్కన ఉంది. అది గుర్తొచ్చి సంజీవ చెవులు వేడెక్కాయి. ఒక్కడే ఉన్నా తల వంచుకున్నాడు.

భవితకు చెప్పొచ్చు. ఆమె చదివిందే ఆ చదువు. కానీ పేరు తీసుకున్న రోజు ఆమె "నేను చూసుకుంట మామయ్యా" అంటే, "మీ అత్తమ్మ పేరు, నేను చూసుకోనా బిడ్డా?" అన్నది ఆయనే. ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు? డబ్బాలన్నీ వెనక్కి తెచ్చి, మూతల మీద పేరు చెరిపించి, ఎవరికీ తెలియకుండా ఇచ్చేస్తే సరిపోతుందనుకుని పెద్ద గుడ్డసంచీ తీసుకుని బయటికి నడిచాడు.

మొదటి ఇల్లు పక్కింటి శ్యామలమ్మది.

"సంవత్సరీకం నాడు ఇచ్చిన డబ్బా జర వాపసియ్యి శ్యామలమ్మా. స్టీలు మంచిది కాదట."

"గట్లెందుకంటవన్నా? రాయి లెక్కున్నది." ఆమె మూతతో గడప మీద టంగుమని కొట్టి చూపించింది. "మా ఇంద్రమ్మ వదిన డబ్బా. నేనియ్య."

"బాగు చేయించి మల్ల ఇస్తనమ్మా."

ఆమె ఆయన మొహం చూసి జాలిపడింది. "సరే, ఆగు. ఖాళీ డబ్బా ఎట్లియ్యాలె?" అని లోపలికి పోయి, నిండుగా పచ్చిపులుసు పోసి తెచ్చింది. ఎవరింటి గిన్నైనా ఖాళీగా తిప్పి పంపడం ఆ వీధిలో లేదు. ఈ సంగతి సంజీవ లెక్కలోకి తీసుకోలేదు.

గుమ్మం దిగబోతూ ఆయన ఆగాడు. "ఒక్క మాటమ్మా. ఆ మూత మీది పేరు మాత్రం ఫోన్ల కొట్టకు."

అప్పటిదాకా శ్యామలమ్మ ఆ పేరు చదవనే లేదు.

రెండో ఇంట్లో డబ్బా నిండా ఉప్పుడుపిండి పెట్టిచ్చారు. మూడో ఇంట్లో వంకాయ కూర. ప్రతి గుమ్మం దగ్గరా సంజీవ జాగ్రత్తగా అదే హెచ్చరిక చేస్తూ పోయాడు. వీధి చివరికి వచ్చేసరికి సంచీ మోయలేనంత బరువైంది. పచ్చిపులుసు కారి ప్యాంటు మోకాలి దాకా తడిసింది. దారిలో ఎదురైనవాళ్ళకు కనిపించింది ఒకటే: రిటైరైన లెక్చరర్ ఇంటింటికీ తిరిగి కూరలు అడుక్కుంటున్నాడు.

మధ్యాహ్నానికల్లా ఊళ్ళో రెండు వార్తలు బయలుదేరాయి. సంచీ చూసినవాళ్ళది ఒకటి: కోడలు ఆయనకు అన్నం పెట్టడం లేదట. ఫోన్ చూసినవాళ్ళది ఇంకొకటి: ఆయన సంబంధం చూసుకుంటున్నాడట. రెండూ బస్ డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కలుసుకున్నాయి. కోడలు అన్నం పెట్టడం లేదు గనుక సార్ పెళ్ళి చేసుకుంటున్నాడు. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, ఎవరికీ అనుమానం రాలేదు.

బాలరాజ్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, తప్పేం లేదు. ఈ వయసులనే తోడు కావాలె. మా పెద్దమ్మ బిడ్డ ఒకామె ఉన్నది, టీచర్ చేసి రిటైరైంది. పొద్దుమీకి వస్తున్న, ఫొటో తెస్త."

"బాలరాజ్, అది గట్ల కాదు..."

"సిగ్గెందుకు సార్? ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆయన పెట్టేశాడు.

నాలుగు గంటలకే భవిత ఇంటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంటింట్లో వరసగా పేర్చి ఉన్న డబ్బాలను చూసింది. "మామయ్యా, శ్యామలత్త ఆఫీసుకు ఫోన్ చేసింది. మీ మామకు ఇంత ముద్ద పెట్టరాదా బిడ్డా అంటున్నది. నేనేం తక్కువ చేసిన?"

సంజీవ నోరు తెరిచేలోపే గేటు చప్పుడైంది. ఇంద్రమ్మ చెల్లెలు యశోద, వార్త విని కందుకూరు నుంచి దిగింది. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో డబ్బా. వెనకే సంగతేమిటో చూద్దామని శ్యామలమ్మ.

"ఎవరు బావా ఈమె?" యశోద ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది.

"ఎవరు?"

"చాయ్ తాగుతున్నామె. మా అక్క పేరు కింద కూసోని పండ్లికిలిస్తున్నామె."

"నాకేం తెల్వది యశోదా. ఆ పక్కనున్నది నేను కాదు."

"మీసం నీదే."

సరిగ్గా అప్పుడే బాలరాజ్ కవరులో ఫొటో పట్టుకుని, కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. వాకిట్లో ఆడవాళ్ళను చూసి కవరు వెనక్కి దాచాడు. ఆయన దాచిన తీరుకే యశోదకు అంతా అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు సంజీవ. అరుగు మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ అంతా చెప్పాడు. పేరు అద్దెదని తెలియకపోవడం, వచ్చిన మెయిళ్ళు మోసమనుకోవడం, దాన్నే నలుగురికీ పాఠంగా చెప్పడం, డబ్బాల కోసం తిరగడం. ఏదీ వదలలేదు. చివరికి, "పోయేటప్పుడు ఆమె నాకు అప్పజెప్పింది గవే రెండు. వంటలు, పేరు. పేరు గిట్ల చేసిన" అన్నాడు.

ముందు మాట్లాడింది బాలరాజ్. "అంటే సార్, ఆ మెయిలు అసలుదా?"

"అసలుదే."

"మీరు చెప్పినంక నేను బండి ఇన్సూరెన్సు మెసేజీలు గూడ చూడకుంట తీసేసిన."

"అయ్యో."

"మొన్న సాగర్ రోడ్డు మీద పోలీసులు ఆపిండ్రు."

సంజీవ లేచి లోపలికి పోయి, బీరువాలోంచి శాలువా తెచ్చి, మడత విప్పకుండా బాలరాజ్ చేతిలో పెట్టాడు. బాలరాజ్ దాన్ని కాసేపు చూసి, తిరిగి ఆయన భుజం మీదే వేశాడు. "ఉంచుకోండ్రి సార్. వచ్చే మీటింగుల అసలు మెయిలు ఎట్లుంటదో చెప్పుండ్రి."

భవిత అప్పటికే గుమ్మంలో కూర్చుని, ఆ పేరు పట్టుకున్నవాళ్ళతో మెయిళ్ళు నడుపుతోంది. "అమ్ముతరట మామయ్యా. కానీ పొద్దున పెట్టిన ధర ఇప్పుడు లేదు, మస్తు పెంచిండ్రు. ఇన్నాళ్ళు ఈ పేరు దిక్కు ఎవ్వరు చూడలేదట. ఇయ్యాల ఒక్కనాడే ఊరంత చూసిండ్రట. గిరాకీ ఉన్న పేరంట."

ఆ గిరాకీ ఎక్కడి నుంచి వచ్చిందో సంజీవకు వెంటనే తెలిసింది. ఇంటింటికీ తిరిగి తెచ్చింది తనే. కానీ ఆయనను గుచ్చుకున్నది వేరే మాట. "ఇన్నాళ్ళు ఎవ్వరు చూడలేదా? ఒక్కరు గూడ?"

శ్యామలమ్మ నొచ్చుకున్నట్టు ఆయన వైపు తిరిగింది. "మాకెందుకన్నా చూసుడు? వదిన మమ్మల్ని పొయ్యి కాడ నిలబెట్టి నేర్పింది."

పొద్దుటి నుంచి ఆయన ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది భవితకు. కంచంలో అన్నం పెట్టి, శ్యామలమ్మ డబ్బా మూత తీసి పచ్చిపులుసు పోసింది. సంజీవ ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. చేత్తో నలిపిన ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ. ఉప్పు సరిపోయేంత ఉంది. తల ఎత్తకుండా కంచం ఖాళీ చేశాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నలుగురూ నాలుగు వైపులు చూసి ఆ పూటకు ఆయనను కాపాడారు.

"ఇగ ఈ డబ్బాల సంగతేంది?" అంది యశోద. "చెరిపిస్తే?"

"దుకాణానికి ఫోన్ చేసిన చిన్నత్తా. గీకితే మూతకు బొక్క పడ్తదంట" అంది భవిత.

"వేరే డబ్బా నాకియ్యకుండ్రి, మా ఇంద్రమ్మ వదిన డబ్బా నాకు కావాలె" అంది శ్యామలమ్మ, సందర్భం ఉన్నా లేకపోయినా.

యశోద ఆమె వైపు చూసింది. తర్వాత తన చేతిలోని మూత చూసింది. పేరుకు ముందు కొంచెం జాగా ఉంది. "చెరపరాకుంటే కలుపుండ్రి. ముంగట 'మా' అని కొట్టిస్తే కాదా?"

భవిత చూసింది. మా ఇంద్రమ్మ వంట అనే పేరు ఎవరూ తీసుకోలేదు. వెంటనే ఎన్నేళ్ళకు ఇస్తే అన్నేళ్ళకు కట్టేసింది. ఆ మెయిళ్ళు ఇకమీదట తన ఫోన్‌కు కూడా వచ్చేట్టు పెట్టింది. ఆయన టైపు చేసింది భవిత కంప్యూటరులోనే గనుక వంటలన్నీ భద్రంగానే ఉన్నాయి, అది ఆయన చేసుకున్న అదృష్టం. బాలరాజ్ కవరు బయటికి తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి మూతలన్నిటి మీదా ముందు "మా" పడింది. డబ్బాలు వెనక్కి ఇవ్వడానికి బయలుదేరబోతుంటే, మళ్ళీ వచ్చిన యశోద గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఖాళీగనా బావా?" అంది. ఆ రోజంతా మామా కోడళ్ళు పొయ్యి ముందు చెమటలు కక్కుతూ గారెలు చేశారు. ఆయన ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. ఈసారి ఎవరినీ ఏ హెచ్చరికా చెయ్యలేదు.

పడుకోబోతుంటే ఫోన్ టింగుమంది. "మీ కొత్త పేరు నిలవాలంటే గడువులోగా ఈ లింకు నొక్కి ధ్రువీకరించండి" అని మెయిలు. సంజీవ కళ్ళద్దాలు మార్చుకుని, చిన్న అక్షరాలతో సహా రెండుసార్లు చదివాడు. అయినా నమ్మకం చాలక భవితకు చూపించాడు.

"అసలుదే మామయ్యా. నొక్కుండ్రి."

నొక్కాడు. ఏమీ పోలేదు. ఇల్లు ప్రశాంతంగానే ఉంది. వెళ్ళి వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గడియ పెట్టాడు. పెట్టాక, ఎందుకైనా మంచిదని, ఒకసారి గుంజి చూశాడు.