తొమ్మిదో ర్యాకు

నీళ్ల పంపులు తయారుచేసే ఆ కంపెనీలో సోమవారం ఉదయం తొమ్మిది గంటల నుంచి వాస్తవాన్ని రద్దు చేశారు. నోటీసు బోర్డు మీద ఈ సంగతి మర్యాదగానే రాశారు: "ఇకపై మోడల్‌కూ కంపెనీకీ మధ్య తేడా కనిపించినచో మోడలే సరైనదిగా భావించి, కంపెనీని తదనుగుణంగా సరిదిద్దవలెను."

మోడల్ అంటే బొమ్మ. ఎవరు ఏం చేస్తారో డబ్బాలుగా గీసి, డబ్బాకీ డబ్బాకీ మధ్య బాణాలు వేసి, ఒక బటన్ నొక్కితే కంపెనీ మొత్తాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ దానంతటదే పుట్టుకొస్తుంది. అమ్మకాలు, కొనుగోళ్లు, స్టోరు, లారీలు అన్నీ ఒకే గొలుసు. ఈ విద్య తెలిసిన నిపుణుణ్ని ప్రత్యేకంగా పిలిపించారు. ఆయన హోదా పేరు చాంతాడంత ఉండటంతో అందరూ డబ్బాల సారు అనేవారు. సారు మహా నిజాయితీపరుడు. ఎవరైనా చెప్పనిదే ఒక్క గీత కూడా గీయలేదు. చెప్పినవాటిలో స్టోరు ర్యాకులు తప్ప ఒక్కటీ కళ్లతో చూడలేదు కూడా. చూస్తే బొమ్మ మీద గురి తప్పుతుందని ఆయన భయం.

ఆరు వారాలు మేనేజర్లను కూర్చోబెట్టి అడిగారు. పంపుకు కావలసిన భాగాలు ఎక్కణ్నించి వస్తాయంటే, స్టోరు నుంచి వస్తాయండీ అన్నారు. ఎలా వస్తాయంటే, అడిగితే వస్తాయండీ అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. అడగడానికీ రావడానికీ మధ్యలో ఏం జరుగుతుందో చూసే తీరిక వాళ్లకు ఇరవై రెండేళ్లుగా దొరకలేదు. సారు స్టోరు డబ్బా గీసి, అందులో ఎనిమిది ర్యాకులు పెట్టి, బయటికి ఒక బాణం వేశారు. ర్యాకులు లెక్కపెట్టడానికి వచ్చిన ఒక్క రోజున, అక్కడ కూర్చున్నావిడను కుర్చీ కాస్త పక్కకు జరుపుకోమని ఎంతో మర్యాదగా అడిగారు.

ఆ జరిగినావిడే స్టోర్ కీపరు. అందరికీ స్టోరక్క.

సోమవారం గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు. హెచ్ఆర్ ఆవిడ కంప్యూటర్లో పైకీ కిందికీ వెతికి, నిజంగానే బాధపడింది.

"మీరు లేరక్కా."

"నీ ఎదురుగానే నిలబడ్డాను కదమ్మా."

"ఇక్కడున్నారు. అందులో లేరు. మీ పని మాత్రం ఉంది, బాణం చేస్తోంది."

చేర్చాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు పెట్టాలంటే ముందు డబ్బా ఉండాలి. శుక్రవారంలోగా డబ్బా దొరకనివాళ్ల ఉద్యోగం మొదటినుంచీ లేనట్టే అని నిబంధన. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లున్న మనిషికి, మొదటినుంచీ లేని ఉద్యోగంలోంచి ఇంటికి ఎలా వెళ్లాలో తోచలేదు. అందుకని గేటు పక్కన వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుంది. మూడు రోజులు వేళకు వచ్చి, వేళకు క్యారేజీ విప్పి, వేళకు వెళ్లింది.

లోపల మోడల్ బ్రహ్మాండంగా నడిచింది. మూడో ర్యాకులో, పంపు కారకుండా లోపల బిగించే రబ్బరు సీళ్ల పెట్టెలు రెండున్నాయి. రెంటికీ ఒకటే నంబరు. ఒక పెట్టెలోవి వేడినీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి. వెనక్కి పంపించేయండని స్టోరక్క ఏడుసార్లు రాసింది. ఎవరూ పంపకపోయేసరికి ఆ పెట్టె మూత బోర్లా పెట్టుకుని గుర్తుంచుకునేది. బొమ్మలో మూతలు లేవు. నాలుగు వందల సీళ్లు అన్న అంకె ఉంది. స్క్రీను మూడో ర్యాకు అంది, పనివాళ్లు చేతికందిన పెట్టె తీశారు.

గురువారం ఉదయం, వేడినీళ్ల కోసమని ఒక ఆస్పత్రికి వెళ్లిన పంపులన్నీ కారుకుంటూ లారీలో తిరిగొచ్చాయి. సరుకు తిరిగొస్తుందని ఏ మేనేజరూ చెప్పి ఉండలేదు కాబట్టి ఆ బాణం లేదు. అధికారికంగా లారీ రాలేదు. గేటు బయట రోడ్డు తడుపుతూ నిలబడింది.

ఎండీ గారు అందరినీ సమావేశపరిచి ధైర్యం చెప్పారు. "కారుతున్నది పంపు మాత్రమే. మన మోడల్‌లోంచి ఒక్క చుక్కయినా కారిందా? ఈ విజయం మనందరిదీ." సమావేశం డబ్బాలో చప్పట్లు ఉన్నాయి కాబట్టి అందరూ కొట్టారు.

అంతలో ఆస్పత్రి నుంచి ఫోను. సాయంత్రంలోగా మంచి పంపులు రాకపోతే వేరే కంపెనీని చూసుకుంటామన్నారు. ఫోనుకు ఎవరూ డబ్బా గీయలేదు. అయినా మోగింది.

మేనేజర్లు వరసగా స్టూలు దగ్గరికి వచ్చారు. మంచి సీళ్లు ఎక్కడున్నాయో చెప్పక్కా అని బతిమాలారు. ఆమె క్యారేజీ మూత పెట్టుకుంటూ అంది:

"బాణాన్ని అడగండి నాయనా, అదే కదా ఇస్తోంది."

చివరికి ఎండీ గారే వచ్చి, సందర్శకురాలని పాసు రాయించి, లోపలికి తీసుకెళ్లారు. మూడు నిమిషాల్లో సరైన పెట్టె బయటికొచ్చింది. చీకటి పడకముందే ఆస్పత్రికి కారని పంపులు చేరాయి.

శుక్రవారం డబ్బాల సారు ఆమెకు న్యాయం చేయాలనుకున్నారు. చిక్కేమిటంటే, ఉద్యోగుల జాబితాకు ఏడాదిపాటు తాళం వేసేశారు. సామగ్రి జాబితా ఒక్కటే తెరిచి ఉంది. ఆయన బాగా ఆలోచించి ఆమెను తొమ్మిదో ర్యాకుగా చేర్చారు. కదిలే రకం. ఎంత బరువు మోయగలదో రాయాల్సిన గడి ఖాళీగా ఉండటంతో ఆమెనే అడిగారు.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ," అంది. పరిమితి లేదు అని నింపుకున్నారు.

కార్డు పనిచేసింది. ఏడాదికోసారి గ్రీజు పెడతారు. ర్యాకులకు సెలవుల్లేవు. అయితే రిటైర్‌మెంటూ లేదు కదక్కా అని హెచ్ఆర్ ఆవిడ చేతులు పట్టుకుని అభినందించింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి ఇదంతా చెబితే, టీవీ ముందున్న భర్తకు ఒళ్లు మండిపోయింది. ఆయన న్యాయం తెలిసినవాడు.

"ఇరవై రెండేళ్లు చాకిరీ చేస్తే, చేసే మనిషొకరున్నారని ఒక్కడికీ కనపడలేదా? అడిగితే వస్తుందట! వాటంతటవే నడిచొస్తాయా? సిగ్గు లేకపోతే సరి," అని ఖాళీ కప్పు ఆమె వైపు చాపి, కళ్లు టీవీ మీద నుంచి తిప్పకుండానే, "కాఫీ వస్తుందా?" అన్నాడు.

కాఫీ వచ్చింది.