రెండు సీట్ల శుభలక్ష్మి

లుంగీ మగ్గం మీద పట్టుచీర దిగుతుందా అని వేలూరులో ఇప్పుడు పెద్ద చర్చ. తప్పకుండా దిగుతుందని నా వాదన.

సంగతేమిటంటే, ఇన్నాళ్లూ పెళ్లివారినీ బాలింతలనూ బియ్యం మూటలనూ మోసే కార్లు చేసిన శుభలక్ష్మి మోటారు కంపెనీ వారు ఉన్నట్టుండి స్పోర్ట్స్ కారు చేశారు. గంటకు వంద మైళ్లు పోతుందట. షోరూంలో చూసినవాళ్లు ఆహా అంటున్నారు, కంపెనీ పేరు వినగానే పెదవి విరుస్తున్నారు. అమ్మమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లిన కంపెనీ దగ్గర స్పీడు ఎవరు కొంటారని వారి ప్రశ్న.

ఇదేం న్యాయం? ఇడ్లీలు అమ్మే ఆవిడ జిలేబీ చుట్టకూడదా? స్పీడు సీమదొరల సొత్తా? వాళ్లు ఓడెక్కిపోయి ఏళ్లయింది కదా!

అందుకే గుడియాత్తంలో లుంగీల వ్యాపారం చేసే మా బలరామయ్య ఆ కారు కొన్నాడని తెలిసి నేను మెచ్చుకున్నాను.

మా వైపు ఒక ఆచారం ఉంది. కొత్త బండి మొదటిసారి గుడికి పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ ఎక్కాలి. ఎవరిని వదిలిపెడితే వారికి కీడు. బలరామయ్య భార్య కుప్పమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, దాన్ని తోలుకొచ్చిన కంపెనీ మనిషి వెంకటేశన్‌ను అడిగింది.

"ఏమప్పా, మా అత్త యాడ కూసుంటుంది?"

"ఇద్దరికే జాగా ఉండాదమ్మా. ఇది పరుగుకు చేసిన బండి."

"శుభలక్ష్మి కంపెనీదే కదా నాయనా. సర్దుకుంటుందిలే."

సర్దుకుంది. తోలే సీట్లో వెంకటేశన్, పక్క సీట్లో అత్తగారు, ఆమె ఒడిలో ఇద్దరు పిల్లలు, వెనక రేకు మీద కుప్పమ్మ, ఆడబిడ్డలు, వాళ్ల మధ్య పొంగలి గిన్నె. నిమ్మకాయలు తొక్కి కారు కదిలింది. బలరామయ్య ఎక్కినట్టు లెక్కకు తలుపు మీద ఒక చెయ్యి వేసి పక్కనే నడిచాడు, ఎక్కడా వెనకబడలేదు. వడ్ల బండి తోలే మారి "రవ్వంత పక్కకు తియ్యి సామీ" అని కారును దాటి పోయాడు. గుడి ముందు స్ప్రింగు విరిగింది.

నవ్వకండి. ఆ కారు షోకు కోసం కొన్నది కాదు.

బలరామయ్య కూతురు పంకజం నిరుడు ఒకటో తరగతి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాం. పంకజం బడిలో తెలుగు తరగతి ఎత్తేశారు. అయ్యవారు జయరాములు చిత్తూరుకు బదిలీ అయ్యారు. బలరామయ్య అడగబోతే, బడి పెద్ద ఒకాయన తెలుగు కావాలంటే చిత్తూరుకు పొమ్మన్నాడు. బలరామయ్య ఆ మాటను మర్యాదగా స్వీకరించి, కూతుర్ని రోజూ చిత్తూరు బడికి తీసుకుపోవాలని నిశ్చయించాడు. అక్కడి బడి గంటకు అందే బస్సు లేదు. తండ్రికొక సీటు, కూతురికొక సీటు. లెక్క సరిపోయింది కదా!

కాబట్టి స్పోర్ట్స్ కారు మనకు వరమని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. భాష దూరం జరిగితే వెనక్కి ఇమ్మని గొడవ చేయడం మోటుతనం. మనమే వేగంగా దాని దగ్గరికి పోవాలి. గుడియాత్తంలో తెలుగింటికొక కారు ఇస్తే ఒక అయ్యవారి జీతం మిగలదా?

ఇంతవరకు రాసి, తప్పులుంటే చెబుతాడని బలరామయ్యకు చూపించాను. కాగితం అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చాడు.

"నాకు తెలుగు చదవను రాదప్పా. మా నాయన అరవబడిలోనే ఏసినాడు. దానికన్నా వస్తుందనే గదా ఈ బండి."

పంకజం కాగితం లాక్కుని, తనకు తెలిసిన అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోయింది. తన పేరు మీదుగా కూడా పోయింది, ఆగలేదు. అయ్యవారు వెళ్లేనాటికి ఆమె పలక మీద 'త' వరుస నడుస్తోంది. 'ప' ఇంకా రాలేదు.

"నా పేరు యాడ ఉండాది మామా?"

చూపించాను. చాలాసేపు చూసింది.

శుభలక్ష్మి కంపెనీ వారు తలచుకుంటే ఏదైనా చేయగలరని నేను మొదట్లోనే ఒప్పుకున్నాను. వారికి ఒక మనవి. వచ్చే ఏడు ఒక తెలుగు అయ్యవారిని చేసి గుడియాత్తానికి పంపండి. స్పీడు అక్కర్లేదు. 'ప' దాకా మెల్లగా నడిచి వచ్చినా మాకు చాలు.