స్పెయిన్ వానల నిమిత్తం

ఆ శనివారం పొద్దున పర్సిస్ ఒకే ఒక్క పని పెట్టుకుని లేచింది. సూట్‌కేస్ సర్దాలి. ప్రయాణానికి ఇంకా మూడు వారాలున్నాయి. అయినా సర్దాలి. సర్దిన పెట్టె గుమ్మం పక్కన కళ్ళెదుట ఉంటే, దాన్ని విప్పమని చెప్పడానికి మొగుడు ఆమోసుకి కాస్తయినా సిగ్గేస్తుందని ఆమె ఆలోచన. స్పెయిన్ వెళ్దామనుకోవడం ఇది నాలుగోసారి. మొదటిసారి ఆమోసు ఇల్లు కొన్నాడు. రెండోసారి ఆమోసు ఉద్యోగం మారాడు. మూడోసారి ఆమోసు తమ్ముడికి పెళ్ళి కుదిరింది. ఆగిపోయిన ప్రయాణాల్లో ఒక్కటీ పర్సిస్ వల్ల ఆగలేదు. ఈసారి ఎవరి వల్లా ఆగదు. అమెరికాలో, కెరొలైనాలోని మోరిస్‌విల్‌లో ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న మనిషి. తప్పు ఎక్కణ్ణుంచి దూరుతుందో ముందే పసిగట్టి దారి మూసేయడమే ఆమె ఉద్యోగం.

ఏప్రిల్‌లో అక్కడ ఏ ఊళ్ళో ఎలా ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. మాడ్రిడ్‌లో పొద్దున స్వెట్టర్ కావాలి, మధ్యాహ్నానికి దాన్ని తీసి నడుముకు చుట్టుకోవాలి. సెవిల్‌లో నారింజ చెట్లు పూస్తాయి. ఎండ తగులుతుంది గానీ జూలైలోలా మాడ్చి చంపదు. గ్రనడాలో దూరంగా కొండల మీద ఇంకా మంచు కనిపిస్తుంది, సాయంత్రమైతే చలి. బార్సిలోనాలో సముద్రపు గాలి, ఉన్నట్టుండి ఓ జల్లు. కాబట్టి పల్చటి బట్టలు, ఒకదాని మీద ఒకటి వేసుకునేవి. ఒక రెయిన్ జాకెట్. నడవడానికి పనికొచ్చే బూట్లు. ఇంతకు మించి పట్టుకెళ్ళేవాడు మోయడానికి పుట్టినవాడు.

ఆమోసు వేరే రకం. అతనికి బెంగ లేకపోతే ఏదో మర్చిపోయినట్టుంటుంది. ఫోన్ తీసి మాడ్రిడ్ చూశాడు. వారమంతా మబ్బులు, చినుకుల బొమ్మలు. మూడు వారాల తర్వాతి సంగతి ఈ బొమ్మ చెప్పదని పర్సిస్ అంటూనే ఉంది. అతను వినలేదు. వినకుండా ఊరుకున్నా బాగుండేది. పోయి, పర్సిస్ ఎప్పుడూ తెరవని తెలుగు క్రైస్తవ సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రేయర్ రిక్వెస్ట్ పెట్టాడు.

ఆ గ్రూపులో ఆపరేషన్లకు ప్రార్థన అడుగుతారు. వీసాలకు, పిల్లల అడ్మిషన్లకు, ఊడబోయే ఉద్యోగాలకు అడుగుతారు. షికారుకు పోతున్నాం, వాన పడకూడదు, ప్రార్థించండి అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే నవ్వుతారని కాదు. నవ్వరు, బుద్ధి చెప్తారు, అదే భయం. అందుకని ఆమోసు షికారును తీసేసి వాన ఒక్కటే ఉంచాడు. "స్పెయిన్ దేశములో వర్షముల నిమిత్తము భారముతో ప్రార్థించగలరు" అని రాసి, స్నానానికి వెళ్ళాడు.

వచ్చేసరికి ఫోన్ నిండా జోడించిన చేతుల బొమ్మలు. వాటి వెనకే సంఘ పెద్ద షాలేం రాజు గారి ఫోను. ఆయనది నరసాపురం. గోదావరి వరదలు చూస్తూ పెరిగాడు. వాన అన్న మాట చెవిన పడితే ఆయనకు పడవలు, అన్నం పొట్లాలు తప్ప మరొకటి తట్టదు. అక్కడ పరిస్థితి ఎంతవరకు వచ్చిందని అడిగాడు. ఆమోసు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడే ఏమీ చెప్పలేమండి, వెళ్తే గానీ తెలీదు అన్నాడు.

"వెళ్తున్నారా మీరు?"

"ఇద్దరం వెళ్తున్నామండి."

వరద బాధితుల కోసమే వెళ్తున్నారని షాలేం రాజు తేల్చేసుకున్నాడు. "ఈ రోజుల్లో ఎవరెళ్తారయ్యా ఇలా," అన్నాడు.

అక్కడ ఆమోసు ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. ఆ సంఘంలో అతణ్ణి కుర్చీలు సర్దమనడానికే తప్ప మెచ్చుకోడానికి పిలిచినవాళ్ళు లేరు. పొగడ్త చెవిలో పడ్డాక నోరు దానంతటదే మూతపడింది.

మర్నాడు ఆరాధనలో షాలేం రాజు పర్సిస్, ఆమోసుల త్యాగం గురించి ప్రకటించాడు. పర్సిస్ ఆ గంటంతా పక్క గదిలో పసిపిల్లల్ని ఆడిస్తోంది, ఒక్క ముక్క వినలేదు. బయటికి రాగానే ఆడవాళ్ళు కావలించుకున్నారు. ధైర్యంగా వెళ్ళి రమ్మన్నారు. విమాన ప్రయాణం గురించి కాబోలు అనుకుంది. తన ప్రయాణానికి ఇంతమంది సంతోషించడం చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి కూడా. ఎవరో అక్కడ చలెలా ఉంటుందని అడిగారు. గ్రనడాలో సాయంత్రాలు చలేనండి అని ఉన్న మాటే చెప్పింది. ఆ మాటకు ఇళ్ళల్లో చలికోట్లు కదిలాయి.

కెరొలైనాలో వసంతం దిగి, కార్ల మీద పసుప్పచ్చ పుప్పొడి మందంగా పేరుకుంటున్న రోజులవి. ఏ ఇంట్లో చూసినా చలికాలం బట్టలు ఎక్కడ తోసేయాలా అని చూస్తున్నారు. దానమూ అయింది, అల్మారా ఖాళీ కూడా అయింది. నల్లటి చెత్త సంచుల్లో వాళ్ళింటికి కోట్లు వచ్చాయి, మంచు బూట్లు వచ్చాయి, చేతి తొడుగులు వచ్చాయి. పర్సిస్ కారు గరాజ్‌లోంచి బయటికి పోయి పుప్పొడి పాలైంది. ఇవేంటండీ అని అడిగితే, డొనేషన్, ఎవరో తీసుకెళ్తారు అన్నాడు ఆమోసు. ఆ ఎవరో ఎవరన్నది మింగేశాడు.

శుక్రవారం వాళ్ళింట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టారు. స్పెయిన్ కోసం పొద్దుట్నుంచీ తిండి మానేసినవాళ్ళు వచ్చి మోకరించారు. ఏ దేశం కోసమో పొయ్యి మీది ఫ్యాను హోరులో వినపడక, ఏదో మంచి పనే అనుకుని పర్సిస్ వంటింట్లో ఉపవాసం విరమించేవాళ్ళకు సాంబారు కాస్తోంది. ప్రార్థన ముగిసి అందరూ టీ తాగుతుండగా ఆమోసు వచ్చి స్టవ్ పక్కన నిలబడ్డాడు.

"పర్సీ, సంఘం కమిటీ వాళ్ళొకటి అనుకుంటున్నారు."

"అనుకోనివ్వండి."

"అలాంటి చోటికి ఆడవాళ్ళెందుకు అంటున్నారు. నీ బదులు షాలేం రాజు గారు నాతో వస్తే, పెద్దల ఇంటి నుంచి ఒకరు ఉన్నట్టుంటుందని తీర్మానం కూడా రాశారు."

గరిటె ఆగింది. "అలాంటి చోటంటే ఎలాంటి చోటు?"

అప్పుడు మొత్తం బయటికొచ్చింది, చివర్నించి మొదటికి. పర్సిస్ అరవలేదు. స్టవ్ కట్టేసింది. ఆదివారం మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని అడిగింది. ఇప్పుడు చెప్తే పరువుండదని ఆమోసు గొణిగాడు. ఈసారికి సర్దుకుంటే వచ్చే ఏడు మనిద్దరం హాయిగా వెళ్దామన్నాడు.

"నేను చెప్తా," అంది పర్సిస్.

ఆ సంఘంలో ఆడది మైకు పట్టుకుంటే పాటకో, స్వస్థత కలిగిందని సాక్ష్యానికో అయి ఉండాలి. ఆదివారం సాక్ష్యాల వేళ పర్సిస్ లేచి వెళ్తుంటే ముందు వరసలో కమిటీ చిరునవ్వు సిద్ధం చేసుకుంది.

"అందరికీ వందనాలండి," అంది. "స్పెయిన్‌లో వరదల్లేవు. ఏప్రిల్‌లో అక్కడ నాలుగు చినుకులు పడతాయి, అంతే. మీ కోట్లు ఎవరికీ అక్కర్లేదు. నేను వెళ్తోంది షికారుకి. నారింజ చెట్ల కింద నడవాలి. ఎవరికీ వండకుండా రెండు వారాలు తినాలి. ఇది తప్పయితే వచ్చాక చెప్పండి, వింటాను. నా సీటు మాత్రం ఎవరికీ ఇవ్వను."

ఆమోసు పాటల పుస్తకంలో తల దాచుకున్నాడు. షాలేం రాజు నిదానంగా లేచాడు. విహారం కోసం పరిశుద్ధులతో ఉపవాసం చేయించడం ఎంతటి ఘోరమో వివరించబోయాడు. వివరణ ఇంకా మొదటి వాక్యంలో ఉండగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య దెబోరా లేచింది. స్త్రీల కూడికకు నాయకురాలు. చేతుల్లేని జాకెట్టుతో వచ్చిన పిల్లకు శాలువా కప్పి మరీ కూర్చోబెట్టే మనిషి. పర్సిస్ మైకును గట్టిగా పట్టుకుంది. ఎవరేమన్నా దిగకూడదనుకుంది.

"అక్కడ మోకాళ్ళు పట్టేసేంత చలుంటదా?" అంది దెబోరా.

పర్సిస్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "పొద్దునా సాయంత్రం కొంచెం ఉంటదక్కా. మధ్యాహ్నం హాయిగా ఉంటది."

"చీర మీద స్వెట్టర్ సరిపోద్దా?"

"సరిపోద్ది. బూట్లు మాత్రం మంచివి కావాలి."

వెనక వరసల్లోంచి ఇంకొకామె మే నెలలో ఎలా ఉంటుందని అడిగింది. మరొకామె బార్సిలోనా సముద్రంలో కాళ్ళు తడపొచ్చా అంది. నీళ్ళు చల్లగా ఉంటాయి, కాళ్ళ వరకైతే పర్లేదని పర్సిస్ చెప్పింది. షాలేం రాజు గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. ఎవరూ అటు చూడలేదు.

దెబోరా ముందు వరస వైపు తిరిగింది. "ఈ దేశం వచ్చిన కాణ్ణుంచీ నా అమెరికా పాస్‌పోర్ట్‌కి రాజమండ్రి దారి తప్ప ఇంకో దారి తెలీదు. కమిటీ ఏమని తీర్మానించింది? ఇద్దరెళ్ళాలి, అందులో ఒకరు పెద్దల ఇంటి నుంచి ఉండాలి. తీర్మానం అలాగే ఉంచండి. నేనూ పర్సిసూ వెళ్తాం."

తీర్మానం తనదే కాబట్టి షాలేం రాజు దాన్ని కాదనలేకపోయాడు. మరి కోట్ల సంగతేంటని మాత్రం అడిగాడు. తెప్పించినవాళ్ళే తిరిగిచ్చి రావాలని భార్య చెప్పి కూర్చుంది.

ఆమోసు పాటల పుస్తకం దించి పర్సిస్ వైపు చూశాడు. ఆమెకు జాలేసింది. ఆ జాలి మైకు తిరిగిచ్చేంత సేపు నిలిచింది. ఆడవాళ్ళ వైపు వెళ్తూ అతని పక్కన ఆగి, "వచ్చే ఏడు మనిద్దరం వెళ్దాం లెండి," అంది.

అతని టికెట్ క్యాన్సిల్ చేసి దెబోరా పేరు మీద కొత్తది బుక్ చేయడానికి ఆ సాయంత్రం చాలింది. వాళ్ళు వెళ్ళాక ఆమోసు, షాలేం రాజు సంచులు మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. చాలామంది కిటికీలోంచి చూసి తలుపు తీయలేదు. ఖాళీ అల్మారాకు అలవాటు పడ్డవాళ్ళు వాళ్ళు.

అక్కడ వాతావరణం ఎలా ఉందని ఆమోసు రోజూ మెసేజ్ పెట్టాడు. చాలా రోజులకు పర్సిస్ నుంచి జవాబొచ్చింది: బయట ఉన్నాం, లోపలికెళ్ళాక ఫోన్లో చూసి చెప్తాం.