ఉప్పు డబ్బా మీదుగా సముద్రానికి

ఆదివారం పొద్దున్నే పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన నాలుగు సీట్ల విమానంలో భార్యనీ మామగారినీ ఎక్కించుకుని, సముద్రం పక్కనున్న బుల్లి విమానాశ్రయంలో దిగి, కాఫీ తాగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. పథకం చిన్నదే గాని దాని మీద వేలాడుతున్నది మాత్రం పెద్దది. విమానమే వేలాడుతోంది.

"నాన్నగారు ఒక్కసారి ఎక్కి దిగాక 'ఉంచండి' అంటే ఉంచుదాం. 'వద్దు' అంటే అమ్మేద్దాం. తర్వాత ఎవరూ మాట మార్చకూడదు," అని భార్య తేల్చేసింది. గాల్లో తేలే మనిషికి నేల మీద ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి కదా! మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఆయన తీర్పు మీద ఆ ఇంట్లో అప్పీలు లేదు. పొద్దస్తమానం పరుల నోళ్ళు తెరిపించే డాక్టరు కూడా ఆయన ముందు నోరు తెరవడు.

మామగారి దగ్గర పరువు నిలవాలంటే దారి తప్పకూడదు. దారి తప్పకూడదని డాక్టరు అరచేతిలో పట్టే జీపీఎస్ ఒకటి కొన్నాడు. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళ కోసం అందులో ప్రాక్టీస్ మోడ్ ఉంది. అది పెడితే యంత్రం ఉన్నచోటు నుంచి కదలకుండానే, తాను ఎగురుతున్నానని ఊహించుకుని దారంతా చూపిస్తుంది. డాక్టరు రోజూ భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా దగ్గర బయలుదేరి, పంచదార సీసా పక్కనుంచి పోయి, నీళ్ళ జగ్గు దగ్గర సముద్రం చేరుకునేవాడు. భార్య జగ్గు అందుకోబోతే "ఆగాగు, దిగుతున్నాను!" అని కేకేసేవాడు. అంతదాకా ఆమె దాహం ఆగాల్సి వచ్చేది.

తీరా ఆ రోజు యంత్రాన్ని విమానంలో బిగించబోతే, దాని అడుగునున్న రబ్బరు చిప్ప ముందు అద్దానికి అంటీముట్టనట్టు కాసేపు నిలబడి, పక్క సీట్లో ఉన్న మామగారి ఒళ్ళో పడింది. మళ్ళీ అంటించాడు. మళ్ళీ పడింది.

"నేను పట్టుకుని కూర్చోనా అల్లుడుగారూ?" అన్నారు మామగారు.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ! నా దగ్గర మందుంది," అని డాక్టరు సంచిలోంచి గులాబీ రంగు ముద్ద తీశాడు. పళ్ళ అచ్చు తీయడానికి వాడే ముద్ద అది. నోట్లో పెట్టిన కాసేపటికే రాయిలా గట్టిపడుతుంది. యంత్రాన్ని ఆన్ చేసి, సముద్రానికి దారి పెట్టి, చుట్టూ ముద్ద ఉదారంగా మెత్తాడు. యంత్రం కదలకుండా కూర్చుంది. దాని బొత్తాలు మాత్రం చిగుళ్ళలో దాక్కున్న జ్ఞానదంతాల్లా లోపలికి పోయాయి. పక్కనున్న దిక్సూచి మొహం కూడా ముద్ద వెనక్కి పోయింది.

"దిక్సూచికి ముసుగేశారేం?"

"ఉపగ్రహాలుండగా దాంతో పనేముంది మామయ్యగారూ!"

విమానం లేచింది. తెర మీద గీత కొలబద్ద పెట్టి గీసినట్టుంది. గాలి విమానాన్ని పక్కకి నెడుతోంది గాని గీతని నెట్టడం లేదు. మామగారు కిందికి చూశారు, తెరని చూశారు.

"నది మనకి ఎడమవైపుంది. ఇందులో కుడివైపుంది."

"నదులు దారి మార్చుకుంటూ ఉంటాయండీ. ఉపగ్రహాలు మార్చుకోవు."

"ఈ నది రాత్రికి రాత్రే మార్చుకున్నట్టుంది," అన్నారు మామగారు.

వెనక సీట్లోంచి భార్య అందుకుంది. "ఏమండీ, ఇందాక మబ్బు తప్పించడానికి బాగా పక్కకి తిప్పారు కదా. ఇందులో మాత్రం సూటిగా పోతున్నామేం?"

"అదే దీని గొప్ప. మనవల్ల జరిగే చిన్నచిన్న పొరపాట్లు పట్టించుకోదు."

"ఆ గుణం మీక్కూడా ఉంటే ఎంత బావుణ్ణు!"

ఇంతలో యంత్రం కీచుమని, గమ్యం చేరారని ప్రకటించింది. కింద చూస్తే ఎర్రమట్టి, గడ్డి, మేకలు.

"సముద్రమేదీ?" అన్నారు మామగారు.

"ఆటుపోట్లుంటాయి కదండీ. ఈ వేళకి కాస్త వెనక్కి వెళ్తుంది."

"కనుచూపు మేర దాటి వెళ్తుందా?"

ఆ మాట పూర్తయ్యేలోగా తెర మీద ఎత్తు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వచ్చింది. విమానం దిగిందని యంత్రం అభినందించింది కూడా.

"దిగిపోయామట. తలుపు తీయనా?" అంటూ మామగారు గడియ మీద చెయ్యి వేశారు.

"నాన్నగారూ!" అని కూతురు వెనకనుంచి ఆయన భుజాలు పట్టుకుంది.

డాక్టరు గబగబా రేడియోలో సముద్రం పక్క విమానాశ్రయం టవర్‌ని పిలిచాడు.

"మీరెక్కడున్నారు?" అని టవర్ అడిగింది.

"యంత్రం ప్రకారం మీ రన్‌వే మీదే ఉన్నామండీ."

అటువైపు సైరన్ మోత వినబడింది. దిగబోతున్న మరో విమానాన్ని మళ్ళీ పైకి పొమ్మన్నారు. ఫైరింజన్ రన్‌వే మీద ఆ కొస నుంచి ఈ కొసకి ఉరికింది.

"అయ్యా, మొత్తం వెతికాం," అంది టవర్. "రన్‌వే మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అది మీరు కాదు కదా?"

"కాదండీ," అన్నాడు డాక్టరు, కొంచెం సందేహంగానే.

భార్య ముందుకి వంగి తెరని పరీక్షగా చూసింది. "ఇది ఉప్పు డబ్బా దారి! ఇక్కడ పంచదార సీసా, అక్కడ నీళ్ళ జగ్గు! మీరు ప్రాక్టీస్ మోడ్ తియ్యలేదండీ! ఇంతసేపూ మనం ఎగురుతుంటే, ఇది మన భోజనాల బల్ల మీద ఎగురుతోంది!"

డాక్టరు బొత్తాం కోసం ముద్దని గోకాడు. అది రాయి. పీకడం తన వృత్తే కాబట్టి రెండు చేతులా పట్టి పీకాడు. మత్తివ్వకుండా పీకినందుకో ఏమో, యంత్రం ఊడలేదు. చేతులు వదిలేసిన విమానం మాత్రం ఓ పక్కకి ఒరిగింది.

"ముందు దాన్ని పట్టుకోండి!" అని అరిచింది భార్య. డాక్టరు విమానాన్ని సరిచేసి, దిక్కులు చూశాడు. చూడాల్సిన దిక్సూచి ముద్ద చాటున ఉంది.

భార్య అతని నెత్తి మీది హెడ్‌ఫోన్లు లాక్కుంది. "టవర్ గారూ, వింటున్నారా? కింద రైలు పట్టాలు రెండుగా చీలుతున్నాయి. ఆ మూలన ఎర్ర రేకుల ఫ్యాక్టరీ, మూడు పొగ గొట్టాలు."

"అలా చెప్పండమ్మా!" అంది టవర్, ప్రాణం లేచొచ్చినట్టు. "కుడివైపు పట్టాల వెంట రండి. అవి అయిపోయిన చోట సముద్రం మొదలవుతుంది."

"కుడికి తిప్పండి," అంది భార్య. డాక్టరు తిప్పాడు.

"ఇంకా." తిప్పాడు.

"చాలు. ఆ మబ్బు కిందనుంచి పోనివ్వండి."

"మబ్బు పైనుంచి అయితే..."

"కిందనుంచి."

"అలాగే."

పట్టాలు అయిపోయాయి. నీలంగా సముద్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. విమానం దిగింది. ఈసారి నిజంగానే దిగింది. పక్కనే ఫైరింజన్ పరిగెత్తుతూ వచ్చి ఆగింది.

మామగారు నింపాదిగా దిగి చొక్కా సర్దుకున్నారు. డాక్టరు ఆయన ముందు తల వంచుకుని నిలబడ్డాడు. అమ్మకానికి ప్రకటన ఎలా రాయాలో లోపల అప్పుడే మొదటి వాక్యం తయారవుతోంది.

"విమానం ఉంచండి అల్లుడుగారూ," అన్నారు మామగారు.

"నాన్నగారూ! ఇంకాస్తయితే ప్రాణాలు పోయేవి!" అంది కూతురు.

"పోలేదుగా. పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాను. నువ్వు ఒక వైపు చెబితే ఈయన ఆ వైపుకి తిరిగింది ఎన్నడూ లేదు. ఇవాళ చెప్పగానే తిరిగారు. ఇంకా అంటే ఇంకా తిరిగారు. చాలంటే ఆగారు. నేల మీద నావల్ల కాని పని గాల్లో అయింది. ఇంత మంచి వస్తువుని ఎవరైనా అమ్ముకుంటారా?"

కూతురు ఏదో అనబోయింది. మాట మార్చకూడదన్న షరతు ఎవరు పెట్టారో గుర్తొచ్చి ఊరుకుంది. డాక్టరు ఆనందం పట్టలేక మామగారి కాళ్ళ మీద పడబోయి, ఎందుకైనా మంచిదని ముందు భార్య మొహం చూశాడు.

వచ్చే ఆదివారం ఎటు ఎగురుతున్నారని ఫైరింజన్ డ్రైవరు మర్యాదకి అడిగితే, "మా ఆవిడ ఇంకా చెప్పలేదండీ," అన్నాడు డాక్టరు.