మంత్రిగారింటి పులి బొమ్మ

ఇంటికో అడవి జంతువు ఉండాలని మంత్రి మల్లికార్జున్ హన్మకొండ సభలో ప్రకటించారు. జనం భయపడ్డారు. గోడమీద బొమ్మగానే అని ఆయన వెంటనే వివరణ ఇచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. బొమ్మలు అమ్మిన సొమ్ముతో తాడ్వాయి అడవిలో జంతువులకు నీళ్లకుంట తవ్విస్తామనీ, మొదటి బొమ్మ తన ఇంటికే కొంటున్నామనీ కూడా సెలవిచ్చారు.

బొమ్మ ఎంచే భాగ్యం సారంగపాణికి దక్కింది. గోడలమీద పార్టీ రాతలు రాసీ రాసీ జుట్టు నెరిసిన తొర్రూరు కార్యకర్త ఆయన. ఇంతవరకూ ఒక్క పదవీ రాలేదు.

"బొమ్మ మంచిగుండాలె పాణీ. నీ సంగతి నేను జూసుకుంట" అన్నారు మంత్రిగారు. ఆ ముక్కతో సారంగపాణి ఆకలి కూడా మరిచిపోయాడు.

కాజీపేట బడిలో డ్రాయింగ్ చెప్పే హన్నా దగ్గర బొమ్మ దొరికింది. కుంటలో నీళ్లు తాగుతున్న పెద్దపులి.

"ఎండకాలం అడవిల చుక్క నీళ్లుండయన్నా. జింకలు నీళ్లకు ఊళ్లలకొచ్చి కుక్కల నోట్ల పడుతున్నయ్. ఆ కుంట నిజంగ తవ్విస్తరా?" అని అడిగింది.

"ఏం ఫికర్ జెయ్యకు టీచరమ్మా, మంత్రిగారి మాట" అని సారంగపాణి గుండెమీద చెయ్యేసుకున్నాడు.

బొమ్మ గోడెక్కింది. మంత్రిగారి భార్య చిలుకమ్మగారు సోఫాలో కూర్చోబోయి లేచారు.

"ఎటు వోతే అటే జూస్తాంది. కండ్లు మూయించు పాణీ."

హన్నా వచ్చి పులి కళ్లు మూసింది. మంత్రిగారు చూసి గతుక్కుమన్నారు.

"పేపరోళ్లు నిద్రవోతున్న సర్కారంటరు. ముఖం అటు తిప్పియ్యి."

తిప్పించాడు. వచ్చినవాళ్లకు తోక కనబడింది. అదీ మర్యాద కాదన్నారు. పులిని తీసేసి జింకను పెట్టించారు. జింకది బెదురు చూపు, ఎలక్షన్ల ముందు అది మంచి సంకేతం కాదని సలహాదారులు తేల్చారు. హన్నా ప్రతిసారీ కుంటను తలుచుకుని కుంచె పట్టింది. చివరికి జింక కూడా పోయి బొమ్మలో నీళ్లూ గడ్డీ మిగిలాయి.

"ఇగో, ఎంత శాంతిగున్నది! వన్యప్రాణి సంరక్షణంటే ఇది" అన్నారు మంత్రిగారు.

అయితే మాట మాటే. కుంట నిజంగానే తవ్వించారు. ట్యాంకర్లతో నింపించారు. చుట్టూ ఎర్ర రిబ్బను కట్టించారు. తీరా మంత్రిగారికి హైదరాబాద్‌లో పని తగిలి ప్రారంభోత్సవం వాయిదా పడింది. సారంగపాణి గొడుగు పట్టుకుని కుంట గట్టుమీద కాపలా కూర్చున్నాడు.

చూసిపోదామని హన్నా మేడారం బస్సెక్కి వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే పొదల్లోంచి ఒక దుప్పి బయటికొచ్చింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. నీళ్ల వాసనకు మనుషుల భయం కూడా మరిచినట్టుంది. తడబడుతూ రిబ్బను దాకా వచ్చి ఆగింది.

సారంగపాణికి ఒళ్లు పులకరించింది. అంతలోనే చూపు రిబ్బను మీదికి పోయింది. రిబ్బను తెగితే?

"అన్నా, తాగనియ్యి" అంది హన్నా, గుసగుసగా.

"ఎట్ల తాగనిస్త టీచరమ్మా? ఓపెనింగ్ కాలే."

"దానికేం తెలుసన్నా?"

"నాకు తెలుసు గద."

రాయి తీసి విసిరాడు. దుప్పి వెళ్లిపోయింది. హన్నా బస్సు దారి పట్టింది. సారంగపాణి రిబ్బను ముడి మళ్లీ బిగించాడు.

ఎట్టకేలకు మంత్రిగారొచ్చారు. కార్లొచ్చాయి, డప్పులొచ్చాయి. రిబ్బను కత్తిరించి నాలుగు దిక్కులా చూశారు.

"జంతువులేవి పాణీ?"

"మీరు రాకముందు ముట్టేది లేదని ఆగినయ్ సార్."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అడవి జంతువులకున్న క్రమశిక్షణ ప్రతిపక్షానికి లేదన్నారు. సారంగపాణిని జిల్లా వన్యప్రాణి సంఘం చైర్మన్‌గా అక్కడే ప్రకటించి పూలదండ వేశారు. ఇన్నేళ్ల తర్వాత పడ్డ దండ బరువుకు సారంగపాణి మెడ వంగింది. మంత్రిగారు కుంట దగ్గర వంగి దోసిలితో నీళ్లు తీసుకుని, కెమెరా వైపు తిరిగి ఒక గుక్క తాగారు.

"సరిగ రాలే సార్, ఇంకొక్కసారి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

మంత్రిగారు మళ్లీ తాగారు.