పద్నాలుగు ఫోల్డర్ల లోకకల్యాణం

బాగా పనిచేస్తున్నదాన్ని దాని మానాన వదిలేయడం మహాపాపం! ఇంత వయసొచ్చేదాకా ఈ సంగతి తెలుసుకోనందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మా నీటి సంఘం ఆఫీసులో ఒక ప్రోగ్రాం ఉంది. ఏ పైపు దేనితో కలుస్తుంది, ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి ఎంతసేపటికి నీళ్లు చేరతాయి, మధ్యలో ఎక్కడ కారిపోతున్నాయి అని ఊళ్లో పైపుల అల్లిక మొత్తాన్నీ లెక్కకట్టడం దాని పని. లెక్క తేలాక, ఎన్నింటికి నీళ్లొస్తాయో ఒక్కో కుళాయి గది తాళంచెవి ఉన్నవాళ్ల ఫోనుకు మెసేజి పంపుతుంది. తొమ్మిదేళ్లుగా పంపుతోంది. ఒక్కరూ తిట్టలేదు. తిట్లు తినని ప్రోగ్రాం గురించి మీటింగుల్లో ఏం మాట్లాడుకుంటాం, మీరే చెప్పండి?

మా అదృష్టం పండి, మహానగరం దారెస్సలాం నుంచి గాడ్‌లిజన్ అనే ఇంజనీరు బదిలీ మీద వచ్చాడు. చురుకైన మనిషి. వచ్చిన మూడోరోజే యుటిలిటీ ఫైలు తెరిచాడు. అంటే, ప్రోగ్రాంలోని ప్రతి భాగమూ వచ్చి అరువు తీసుకుపోయే చిన్న చిన్న పనిముట్ల పెట్టె అన్నమాట. లీటర్లను బకెట్లలోకి మార్చేదీ, వీధి పేర్లలో తప్పులు దిద్దేదీ, టైము రాసేదీ అన్నీ అందులోనే పడి ఉన్నాయి.

“అన్నా, ఇది ఫైలా, పెంటకుప్పా?” అన్నాడు.

“పెంటకుప్పే తమ్ముడూ,” అని వెంటనే ఒప్పుకున్నాను.

ఇక సర్దుడు మొదలైంది. ఐదు వారాలు, పద్నాలుగు ఫోల్డర్లు! బకెట్లకొకటి, వీధి పేర్లకొకటి. ఒక ఫోల్డరులో ఇంకో ఫోల్డరు తప్ప ఏమీ లేదు, అది భవిష్యత్తు కోసమట. పేర్లు పెట్టడానికే మూడు మీటింగులు అయ్యాయి. మా పెద్దపిల్లకు పేరు పెట్టినప్పుడు కూడా మేమింత తర్జనభర్జన పడలేదు.

ఇప్పుడు ఎవరికీ ఏదీ దొరకదు. దొరక్కపోతే పక్కవాణ్ని అడుగుతాం. వాడికీ దొరకదు. ఇద్దరం కలిసి మూడోవాడి బల్ల దగ్గరికి వెళ్తాం. ఏళ్ల తరబడి ముఖముఖాలు చూసుకోనివాళ్లు ఇవాళ భుజం భుజం రాసుకుంటూ వెతుక్కుంటున్నారు. ఆఫీసులో ఇంత ఐకమత్యం ఇంకెలా వస్తుంది?

టైము రాసే పనిముట్లు రెండు కనిపించాయి. ఒకటి టైమును ఉన్నదున్నట్టు రాస్తుంది. రెండోది అందులోంచి ఆరు గంటలు తీసేసి రాస్తుంది.

“ఎవడన్నా ఈ మేధావి? టైములోంచి ఆరు తీస్తాడా?” గాడ్‌లిజన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “రెండూ చేసేది ఒకటే. దీన్ని పీకేస్తున్నా.”

పీకేసి ఫోను చూసుకున్నాడు. ఫోనులో పది అయింది. “అరే, నాలుగైపోయింది. టీ తాగొద్దాం పదండి,” అన్నాడు.

అందరం లేచి వెళ్లాం. ఎవరికీ ఏమీ తట్టినట్టు లేదు. మన స్వాహిలీ నోటికి రోజు పొద్దుపొడుపుతో మొదలవుతుంది కదా. ఫోనులో ఏడైతే ఒంటిగంట అంటాం, పది అయితే నాలుగంటాం. మాటలొచ్చిన నాటినుంచీ తలలోనే ఆరు తీసుకుంటూ బతుకుతున్నాం, తీస్తున్నామనే గుర్తుండదు. కంప్యూటరుకు మన తల లేదు కనక ఎవరో దానికి రాసిపెట్టారు.

మర్నాడు కొండమీది కుళాయికి, ఫోను ప్రకారం పొద్దున ఎనిమిదికి నీళ్లొచ్చాయి. ఆ కుళాయి చూసుకునే పెద్దావిడ బీ హిదాయా. ఆవిడకు వెళ్లిన మెసేజిలోనూ ఎనిమిదే ఉంది. ఆవిడ నోటి లెక్కలో ఎనిమిదంటే మధ్యాహ్నం, ఫోనులో రెండు. పొద్దున మొక్కజొన్న చేను చూసుకుని, మెసేజి చెప్పిన టైముకు వచ్చి తాళం తీసింది. చుక్క లేదు. కింది వీధుల్లో ట్యాంకులున్నాయి గనక అక్కడ ఎవరికీ తేడా తెలియలేదు. కొండమీద ట్యాంకు లేదు.

మూడు రోజులు ఇదే వరస. పొద్దున తాళం వెనక పైపులో నీళ్ల చప్పుడు వీధి వీధంతా వింటోంది. మధ్యాహ్నం ఆవిడ తాళం తీస్తే గాలి వస్తోంది.

“ఎవరికి మళ్లిస్తున్నావు అత్తా మా నీళ్లు?” అని ఖాళీ బకెట్లతో నిలబడ్డ పొరుగామె నిలదీసింది.

“మెసేజి చూడవే. ఎనిమిదనే కదా ఉంది.”

“తొమ్మిదేళ్లలో ఆ కంప్యూటరు ఒక్కసారి తప్పు చెప్పలేదు. ఎవరి చేతో మెసేజి మార్పించుకొచ్చి మా చెవిలో పూలు పెట్టకు.”

చూశారా, మా ప్రోగ్రాంకు ఎంత మంచి పేరో! ఆ పేరే సాక్ష్యం చెప్పింది. నాలుగోరోజు వీధి పెద్దలు వచ్చి, పదిహేడేళ్లుగా ఆవిడ నడుముకు వేలాడిన తాళంచెవిని లాగేసుకున్నారు.

ఐదోరోజు కొండమీది గొడవ చెవిన పడ్డాక అసలు సంగతి మాకు తెలిసింది. గాడ్‌లిజన్ పాపం తెల్లబోయాడు. ఆరు తీసే పనిముట్టును వెతికి తిరిగి పెట్టాడు, పదిహేనో ఫోల్డరులో. రెండు నిమిషాలు పట్టింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఇంత వేగం పాత పెంటకుప్పలో సాధ్యమయ్యేదా?

నేను కొండెక్కాను. ఆవిడ వాకిట్లో కూర్చుని మొక్కజొన్న పొత్తులు వలుస్తోంది. “తప్పు మాది అమ్మా,” అన్నాను.

“నాకెందుకు చెబుతావు నాయనా? నేను అబద్ధమాడలేదని నాకు తెలుసు. వాళ్లకు చెప్పు,” అని వీధివైపు చెయ్యి చూపించింది. తలెత్తి నా ముఖం చూడలేదు.

తప్పు ఆఫీసుదేనని ఒక కాగితం రాసిమ్మని మేనేజరును అడిగాను. “ఇవాళ ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు,” అన్నాడు. అందుకని ఈ కాలమ్ రాస్తున్నాను.

ఎడిటర్ గారూ, చోటు చాలకపోతే నేను సర్దుడును పొగిడిందంతా కోసేయండి. ఈ నాలుగు ముక్కలు మాత్రం కొండమీదివాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి. టైములోంచి ఆరు తీసే పనిముట్టు రాసింది నేను. అందరూ నవ్వుతుంటే అది నాదని చెప్పుకోలేక, పీకేయడానికి ఒప్పుకుని సంతకం పెట్టిందీ నేనే. బీ హిదాయా మీకు అబద్ధం చెప్పలేదు. ఆవిడ తాళంచెవి ఆవిడకు ఇచ్చేయండి.